తల్లీబిడ్డల బొమ్మ: సాఫ్ట్ పేస్టల్స్‌తో మొదటి గీత నుంచి పటం కట్టేదాకా

తల్లీబిడ్డల బొమ్మ మొదలుపెట్టినవాళ్లు చాలామంది ముందు తల్లి ముఖం పూర్తిచేసి, ఆ తర్వాత బిడ్డ ముఖం ఎత్తుకుంటారు. పోలికలు బాగానే వస్తాయి. కానీ ఇద్దరూ వేరువేరు ఫొటోల్లోంచి కత్తిరించి పక్కపక్కన అతికించినట్టు కనిపిస్తారు. ఈ బొమ్మకు ప్రాణమంతా ఇద్దరూ కలిసే చోట ఉంటుంది: బిడ్డ బుగ్గ తల్లి మెడకు ఆనిన చోట, తల్లి అరచెయ్యి బిడ్డ వీపును అదిమి పట్టిన చోట. అందుకే మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా ఇద్దరినీ ఒకే ఆకారంగా చూస్తూ వెయ్యాలి. కింద చెప్పిన పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

దీనికి సాఫ్ట్ పేస్టల్ బాగా నప్పుతుంది. ఒక అంచును పదునుగా నిలపాలన్నా, పక్కదాంట్లో కలిపేయాలన్నా వేలి కొసతో అయిపోతుంది. తల్లీబిడ్డలనే ప్రధాన వస్తువుగా చేసుకుని ఏళ్ల తరబడి బొమ్మలు వేసిన అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ (1844–1926) ఎన్నో బొమ్మలకు పేస్టల్‌నే ఎంచుకుంది. ఆమె బొమ్మల్లో ముఖాలు, చేతులు నిండుగా, మెత్తగా ఉంటాయి. బట్టలు, వెనుక భాగం మాత్రం విడివిడి గీతల్లోనే ఉంటాయి. కన్ను తనంతట తానే ముఖాల దగ్గరికి వెళ్లి ఆగుతుంది. నేర్చుకోదగ్గ మొదటి సంగతి అది.

సరుకు

బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ స్కూలు పుస్తకాల షాపులో ‘పేస్టల్స్’ అని అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది ఆయిల్ పేస్టల్స్. అవి నూనె, మైనం కలిసినవి, ఈ పనికి రావు. వేలికి రాసుకుని చూడండి. జిడ్డుగా అంటుకుంటే ఆయిల్ పేస్టల్, పొడిగా రాలితే సాఫ్ట్ పేస్టల్. కామ్లిన్, మంగ్యో, ఫేబర్ కాస్టెల్ సాఫ్ట్ పేస్టల్స్ అమ్ముతాయి. సగం ముక్కలున్న 48 రంగుల పెట్టె మొదటి బొమ్మకు సరిపోతుంది. దానికి తోడు నాలుగు పేస్టల్ పెన్సిళ్లు తీసుకోండి: ముదురు గోధుమ, ఇటుక ఎరుపు, లేత క్రీమ్, నలుపు. కళ్లు, పెదవుల దగ్గర లావు ముక్కతో పని జరగదు.

పెట్టె ఎంత పెద్దదైనా మన ఒంటి రంగుకు కావాల్సినవి కొన్నే. ముదురు వాటి నుంచి లేత వాటి దాకా రా అంబర్ (మట్టి గోధుమ), ముదురు వయొలెట్ (ఊదా), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఇండియన్ రెడ్ (ముదురు మట్టి ఎరుపు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), లేత నారింజ, క్రీమ్. వీటికి తోడు మసక ఆకుపచ్చ ఒకటి, లేత నీలం ఒకటి. ‘స్కిన్ కలర్’ అని పెట్టెలో వచ్చే గులాబీ ముక్కను పక్కన పెట్టేయండి. గోధుమ ఒంటి మీద అది పౌడరు రాసినట్టు కనిపిస్తుంది.

కాగితానికి గరుకు ఉండాలి. ఆ గరుకే పొడిని పట్టి ఉంచేది. కాన్సన్ మి-టైంట్ కాగితం (160 జీఎస్‌ఎమ్, అంటే చదరపు మీటరుకు 160 గ్రాముల బరువు) ఒక వైపు తేనెపట్టు గళ్లలా ఉంటుంది, రెండో వైపు నున్నగా ఉంటుంది. ముఖాలకు నున్నటి వైపు వాడండి, లేకపోతే బిడ్డ బుగ్గ మీద గళ్లు తేలతాయి. రంగు తెలుపు వద్దు. మట్టి రంగో, వెచ్చని బూడిద రంగో తీసుకుంటే సగం పని కాగితమే చేస్తుంది. సాధనకు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం), 400 లేదా 600 నంబరుది, బాగా పనికొస్తుంది. అది 9×11 అంగుళాల షీటుగా వస్తుంది, పొరలు పొరలుగా పట్టుకుంటుంది. దాని మీద వేలితో మాత్రం రుద్దకండి, చర్మం లేచిపోతుంది. పైగా ఏళ్లకేళ్లు నిలవాల్సిన బొమ్మకు అది తగదు.

మంచి కాగితం దొరకనప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు. 300 జీఎస్‌ఎమ్ వాటర్‌కలర్ కాగితాన్ని నాలుగు వైపులా బోర్డుకు టేపు వెయ్యండి. మూడు చెంచాల యాక్రిలిక్ జెస్సో (రంగు వేసే ముందు అడుగు పూతగా వాడే తెల్లటి పూత), పల్చటి గుడ్డలో జల్లించిన మెత్తటి పాలరాతి పొడి ఒక చెంచా, నీళ్లు ఒక చెంచా, రంగు కోసం గోధుమ యాక్రిలిక్ అర చెంచా కలపండి. చదును బ్రష్‌తో మొదటి పూత అడ్డంగా, అది పూర్తిగా ఆరాక రెండో పూత నిలువుగా వెయ్యండి. వానాకాలం రెండు పూతలకూ మధ్య ఒక రాత్రి వదలాలి. పొడి ఎక్కువైతే కాగితం ఆకురాయిలా తయారై ఒక్క ముఖానికే సగం ముక్క అరిగిపోతుంది.

వెలుతురు, ఫొటో

పసిబిడ్డ కూర్చోడు, కాబట్టి ఫొటో తప్పదు. గంజాం వైపు పాత వీధుల్లో ఇళ్లు గోడలు కలిసి వరుసగా ఉంటాయి. పక్క కిటికీలుండవు, వెలుతురు వీధి అరుగు నుంచో పెరటి వైపు నుంచో వస్తుంది. బొమ్మకు ఇదే మేలు, ఒకే వైపు వెలుతురు దొరుకుతుంది. తల్లిని గుమ్మానికి రెండు మూడు అడుగుల లోపల, వెలుతురు ముఖానికి ఏటవాలుగా పడేలా కూర్చోబెట్టండి. ఎండ నేరుగా పడకూడదు. ఫ్లాష్, ట్యూబ్‌లైట్ రెండూ ఆపండి. ట్యూబ్‌లైట్ పచ్చటి నీడ వేరే దిక్కు నుంచి వేసి ముఖపు ఆకారాన్ని చెడగొడుతుంది.

ఫోనును దగ్గర పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నిలబడి 2ఎక్స్ జూమ్‌లో, తల్లి గడ్డం ఎత్తులో ఫోను పట్టుకుని తీయండి. ముప్పై నలభై తీసి, వాటిలో ఇద్దరి తలలు ఒకదాన్నొకటి కొంత కప్పినదే ఎంచుకోండి. తలలు పక్కపక్కన తగిలీ తగలనట్టు ఉన్న ఫొటో, ఇద్దరి కళ్లు ఒకే ఎత్తులో ఉన్న ఫొటో పనికిరావు. ఇద్దరూ కెమెరాలోకి చూస్తుంటే స్టూడియో ఫొటోలా ఉంటుంది. ఒకరైనా రెండోవారిని చూస్తుండాలి.

గీత

12×16 అంగుళాల కాగితం మీద తల్లి తల అయిదున్నర అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. నాలుగు అంగుళాల కంటే చిన్నదైతే కంటి రెప్ప గీయడానికి చోటుండదు. ఆ లెక్కన బిడ్డ తల నాలుగున్నర అంగుళాలు వస్తుంది. ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు, బిడ్డ కదా అని తల చిన్నగా వేసేస్తారు. ఏడాది బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 45 సెంటీమీటర్లు, పెద్ద ఆడవాళ్లది దాదాపు 55. చిన్నది ముఖం, తల కాదు. ఆ తలలో ఎక్కువ భాగం నుదురే.

పెద్దవాళ్ల కళ్లు తల ఎత్తుకు సరిగ్గా సగంలో ఉంటాయి. బిడ్డ కళ్లు సగం కన్నా కిందికి దిగుతాయి. కనుబొమలు సగం గీత దగ్గర, దాని కింద కళ్లు, చిన్న ముక్కు, నోరు, కొంచెమే గడ్డం. నల్లగుడ్డు రెండేళ్లకే దాదాపు పెద్దవాళ్లంత వెడల్పు ఉంటుంది, చుట్టూ ముఖం మాత్రం చిన్నది. పసివాళ్ల కళ్లు అంత పెద్దగా కనిపించడానికి కారణం ఇదే. తల్లి చెయ్యి ఎంత ఉండాలో తెలియకపోతే ఆమె గడ్డం నుంచి నుదుటి మధ్య దాకా కొలవండి, అంతే ఉంటుంది.

ముందు వేరే కాగితం మీద ఇద్దరి బయటి అంచును ఒకే గీతగా చుట్టండి. తల్లి తల, భుజం, మోచెయ్యి, బిడ్డ వీపు, బిడ్డ తల, అక్కడి నుంచి మళ్లీ తల్లి తల. లోపల ఏమీ వద్దు. ఆ ఒక్క ఆకారం చూడగానే తల్లీబిడ్డలని తెలియాలి. తెలియకపోతే ఫొటో మార్చడం నయం, ముఖాలు ఎంత బాగా వేసినా అది బాగుపడదు. తెలిసిందంటే లోపలి గీతలు వేసి, కాగితం వెనక ఇటుక ఎరుపు పేస్టల్ రుద్ది, అసలు కాగితం మీద పెట్టి గీతల వెంట పెన్నుతో తేలిగ్గా నొక్కండి. కార్బన్ పేపరు వాడకండి, దాని మైనం మీద పేస్టల్ నిలవదు. నేరుగా గీయాలంటే కర్రబొగ్గు మంచిది. మామూలు పెన్సిల్ గీత నున్నగా మెరిసి రంగును తోసేస్తుంది.

నీడల నుంచి వెలుగుకు

బోర్డును నిలువుగా, పైభాగం కొంచెం ముందుకు వాలేలా పెట్టండి. పొడి కాగితం మీద కాకుండా కింద రాలుతుంది. కింద తడి గుడ్డ పరవండి.

కళ్లు చిట్లించి ఫొటో చూడండి. ముఖ కవళికలు మాయమై నీడలు మాత్రమే మిగులుతాయి. తల్లి మెడ కింది నీడ, బిడ్డ చెంప నీడ, జుట్టు, పైట మడత చాలాచోట్ల కలిసి ఒకటే ముదురు ఆకారంగా కనిపిస్తాయి. ముక్కను పడుకోబెట్టి, పక్క భాగంతో, ఆ ఆకారమంతా రా అంబర్‌తో ఒకేసారి నింపండి. ఇక్కడ తల్లి, అక్కడ బిడ్డ అని ఆగకండి. దాని మీద అక్కడక్కడ వయొలెట్ తేలిగ్గా రాయండి. ఇప్పుడే వెనుక భాగం కూడా పల్చగా వేసేయండి, వెలుగున్న చెంప వెనక ముదురుగా, నీడ చెంప వెనక లేతగా. చివరికి వదిలితే ముఖాల చుట్టూ పెట్టిన రంగు గీసి కత్తిరించినట్టు కనబడుతుంది.

ఈ మొదటి రెండు పొరలను చిటికెన వేలితో ఒక్కసారి, ఆకారం ఒంపు వెంట రుద్దవచ్చు. తర్వాతి పొరలను రుద్దకూడదు. పేస్టల్ అందం పొడి రేణువుల మీద వెలుగు చెదరడంలో ఉంది. రుద్దిన కొద్దీ రేణువులు గరుకు లోపలికి కూరుకుపోయి రంగు చచ్చిపోతుంది.

నీడ, వెలుగు కలిసే చోట బర్న్ట్ సియెన్నా, వెలుగులో ఎల్లో ఓకర్, దాని మీద లేత నారింజ. మెరుపుకు క్రీమ్, తెలుపు ఎక్కడా వద్దు. ముదురు ఒంటి మీద మెరుపులు చిన్నగా, పదునుగా ఉంటాయి, ముఖపు ఎత్తుపల్లాలు వాటితోనే తెలుస్తాయి. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక మీద గుమ్మం వెలుతురు పడే చోట లేత నీలం ఒక గీత పెట్టి చూడండి, గోధుమ రంగు ఒక్కసారిగా నిజమైన చర్మంలా అవుతుంది. దవడ కింద మసక ఆకుపచ్చ కొంచెం రాస్తే ఎరుపు అదుపులో ఉంటుంది. బిడ్డకు వేరే రంగులు వెతకొద్దు. అవే రంగులు ఒక మెట్టు లేతగా వాడి, చెవి, వేలి కొసలు, మోకాలు, ముక్కు కొన దగ్గర ఇండియన్ రెడ్ కలపండి. రంగుల కుటుంబం ఒకటే అయితేనే ఇద్దరూ ఒకే వెలుతురులో ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇద్దరూ కలిసే చోట

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చర్మానికి చర్మం ఆనిన సందులో నీడ నల్లగా ఉండదు. వెలుగు ఒక చర్మం నుంచి ఇంకో చర్మానికి పలుమార్లు తగిలి ఎర్రబడుతుంది. అందుకని ముదురు గోధుమ, ఇండియన్ రెడ్ కలిపి సన్నని గీత పెట్టండి, నలుపు పెట్టారో అక్కడ కత్తి గాటు కనిపిస్తుంది. ఆ గీతను వెంటనే ఒకే వైపు, బిడ్డ బుగ్గ వైపు, మెత్తబరచండి. తల్లి మెడ వైపు అంచు అలాగే ఉండనివ్వండి. రెండు వైపులా మెత్తబరిస్తే మచ్చ అవుతుంది, రెండు వైపులా పదునుగా ఉంచితే అతికించినట్టే ఉంటుంది.

అదిమిన బుగ్గ గుండ్రంగా ఉండదు, ఆనిన వైపు చదునై కంటి కిందికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద నెలవంకంత వెలుగు పెడితే బరువు తెలుస్తుంది. తల్లి వేళ్లు బిడ్డ వీపునో తొడనో పట్టుకున్న చోట ప్రతి వేలి కొన కింద చిన్న పల్లం, రెండు వేళ్ల మధ్య కండ కాస్త పైకి. ఈ రెండూ లేకపోతే చెయ్యి బిడ్డ మీద వాలినట్టుంటుంది గానీ పట్టుకున్నట్టుండదు. చీర రంగు కూడా బిడ్డ మీదికి ఎగురుతుంది. ఎర్ర పట్టుచీర మీద ఉన్న బిడ్డ గడ్డం కింద, మోచేతి కింద నీడలో ఆ ఎరుపు తప్పకుండా కలపాలి. ఇద్దరినీ ఒక్కటి చేసే రంగు అదే.

అంచులన్నీ ఒకేలా ఉండకూడదు. బిడ్డ పలచటి జుట్టు తల్లి పైటలోకి కలిసిపోనివ్వండి, అక్కడ అంచే అక్కర్లేదు. భుజాలు మెత్తగా ఉండాలి. బొమ్మ మొత్తంలో అతి పదునైన అంచు ఒక్క చోటే, తల్లి కనురెప్ప దగ్గరో బిడ్డ పిడికిలి దగ్గరో పెట్టండి.

కళ్లు, నోరు, కాటుక

తల్లి కిందికి, బిడ్డ వైపు చూస్తుంటే ఆమె కన్ను కనిపించదు, కనురెప్ప కనిపిస్తుంది. అది గుండ్రటి గుడ్డు మీద కప్పిన చర్మం, కాబట్టి మధ్యలో వెలుగు, రెండు చివర్లా నీడ. కింది అంచున ఒకే ఒక్క ముదురు గీత. అలవాటు కొద్దీ నల్లగుడ్డు వేసేస్తే ఆమె నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది.

బిడ్డ కంటిలో తెల్లగుడ్డు తెల్లగా వెయ్యకండి, నీలి బూడిద రంగు సరిపోతుంది. నల్లగుడ్డు పైభాగం రెప్ప నీడలో ముదురుగా, కింద కొంచెం గోధుమగా. వెలుగు చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి. కాటుకకు ముదురు గోధుమ, ముదురు నీలం కలిపి వేసి, కింది రెప్ప వైపు కాస్త చెదరగొట్టండి. దిష్టి చుక్క చివర్లో, నల్ల పెన్సిల్‌తో ఒక్క నొక్కు. బుగ్గ ఒంపును బట్టి అది కొంచెం అండాకారంగా రావాలి. సరిగ్గా పడితే బుగ్గ గుండ్రదనం ఆ చుక్కే చెబుతుంది.

బిడ్డ ముక్కుకు దూలం గీత వద్దు, ముక్కుపుటాల కింద రెండు చిన్న నీడలు, కొన మీద ఒక మెరుపు చాలు. బిడ్డ ముఖం ముసలిగా వచ్చిందంటే కారణాలు నాలుగే: కళ్లు పైకి పోయాయి, గడ్డం పొడవైంది, కనుబొమలు నల్లబడ్డాయి, ముక్కు నుంచి నోటి చివరకు గీత పడింది. ముందు ఆ గీతను తీసి చూడండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

చీర, నగలు

బరంపురం పట్టు గీయాలంటే అంచు మీద గోపురాల్లా కోసులుగా లేచే కుంభం వరుసే దాని గుర్తు. ప్రతి కోసూ వెయ్యకండి. వెలుతురు పడే మడత మీద అయిదారు కోసులు పదునుగా వేసి, మడత తిరిగే చోట వాటిని సన్నబరచి, నీడలో ఊరికే చుక్కలుగా వదిలేయండి. పట్టు మెరుపు మడత శిఖరం మీద సన్నగా, గట్టిగా తేలుతుంది, దాని పక్కనే నీడ ముదురుగా ఉంటుంది. నూలు చీరకైతే ఆ మెరుపు లేకుండా వెలుగు నుంచి నీడకు మెల్లగా దిగాలి. బంగారానికి మెరుపు రంగులు అక్కర్లేదు. ఎల్లో ఓకర్, పక్కన ముదురు గోధుమ, మీద లేత నిమ్మరంగు ఒక్క చుక్క. జుట్టును వెంట్రుకలుగా కాక ముద్దగా వేసి, వెలుగు పడే చోట రెండు మూడు గీతలు లాగండి.

తేడా వచ్చినప్పుడు

రంగు జారిపోయి పట్టకపోతే గరుకు నిండిపోయిందని అర్థం. నాలుగైదు పొరల తర్వాత ఇది వస్తుంది. రంగులు బురదగా మారితే ఎక్కువ రుద్దినట్టు, లేదా వేలు తుడుచుకోకుండా ఎరుపు మీదా ఆకుపచ్చ మీదా తిప్పినట్టు. రెండింటికీ మందు ఒకటే: గట్టి పందివెంట్రుకల బ్రష్‌తో ఆ చోటు పొడి దులిపి, బోర్డు వెనక తట్టి, ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) ఒక పల్చటి జల్లు కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి మళ్లీ వెయ్యండి. జల్లు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆరుబయట, చెయ్యి కదుపుతూ కొట్టాలి. ఫిక్సేటివ్ లేత రంగులను ముదురు చేస్తుంది, అందుకని మెరుపులు ఎప్పుడూ దాని తర్వాతే. పూర్తయిన బొమ్మ మీద కొట్టకపోవడమే మంచిది.

మన ప్రాంతంలో ఇంకో శత్రువు చెమట. మే నెలలో మధ్యాహ్నం పని పెట్టుకోకండి, తెల్లవారి అయిదున్నర నుంచి తొమ్మిది లోపు చెయ్యండి. ఫ్యాను వేస్తే పొడి గదంతా తిరుగుతుంది. చెయ్యి కింద బటర్ పేపరు ముక్క పెట్టుకోండి, అరచేతి జిడ్డు తగిలిన చోట రంగు ఎక్కదు. చెమట చుక్క పడితే తుడవకండి, పూర్తిగా ఆరనిచ్చి అదే రంగు మళ్లీ తేలిగ్గా రాయండి. పొడిని నోటితో ఊదకండి, మాస్కు పెట్టుకోండి. చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి. బొమ్మలోని బిడ్డ అదే ఇంట్లో పాకుతుంటే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, కొన్ని రంగుల్లో కాడ్మియం వంటి లోహాలుంటాయి.

పటం కట్టడం

బోర్డును నిలువుగా పట్టుకుని బయట రెండుసార్లు వెనక తట్టండి, వదులు పొడి రాలిపోతుంది. పటం కట్టేదాకా బటర్ పేపరు కప్పి పైఅంచు మాత్రం టేపు వెయ్యండి, కాగితం పక్కకు కదలకూడదు. న్యూస్‌పేపరు వద్దు. పటానికి అద్దమే వాడాలి. యాక్రిలిక్ షీటుకు పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట చట్రం), దాని కింద సన్నని పట్టీ పెట్టించి కనీసం నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంచండి. పటం కట్టేవాళ్లు అద్దాన్ని నేరుగా బొమ్మ మీద పెట్టేయడం మామూలు, కాబట్టి ముందే గట్టిగా చెప్పాలి.

గోపాల్‌పూర్ తీరం దగ్గర గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, అలాంటి వానలకు బయటి గోడలు రోజుల తరబడి చెమ్మగా ఉంటాయి. బొమ్మను లోపలి గోడకే తగిలించండి. పటం వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. ముదురు రంగుల మీద తెల్లటి నూగు చుక్కలు కనిపిస్తే అది బూజు. పటం విప్పి, నీడలో సిలికా జెల్ పొట్లాలతో మూత పెట్టిన పెట్టెలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, పొడిగా అయ్యాక మెత్తటి బ్రష్ కొసతో తేలిగ్గా తీయండి, ఎండలో మాత్రం పెట్టకండి. అద్దం తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లాలి. అద్దం మీద చల్లితే ఫ్రేము సందుల్లోంచి లోపలికి దిగి మౌంటుకు మరక పడుతుంది.